తొమ్మిదో తరగతి, తైక్వాండో, ఎస్‌జీఎఫ్ మీట్: తిరుపతిలో ఒక ఏడాదిని ఎలా నెట్టుకురావాలి

జూన్‌లో బడి తెరిచిన వారం తిరుపతిలో ఏ గ్రౌండుకు వెళ్ళినా కొత్త తెల్ల డ్రెస్సులు కనిపిస్తాయి. మడతలు కూడా పోని డ్రెస్సు, ముడి నిలవని బెల్టు. సంక్రాంతి సెలవులయ్యేసరికి అందులో సగం మంది కనబడరు. కిక్ రాక మానేసేవాళ్ళు తక్కువే. మోకాలు నొప్పని కొందరు మానేస్తారు. పదో తరగతి వస్తోందని ఇంట్లో ఆపేస్తారు. ఎస్‌జీఎఫ్ మీట్‌కు, అంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పెట్టే బడి పోటీలకు వెళ్ళి, ఏదో కాగితం సరిగా లేదని వెనక్కి వచ్చి, మొహం చెల్లక మానేసేవాళ్ళూ ఉంటారు. ఈ చివరి బాపతులో నేనూ ఉన్నాను. కాకపోతే మూడు నెలల తర్వాత సిగ్గు విడిచి మళ్ళీ వెళ్ళాను.

ఎనిమిది, తొమ్మిది, పది చదువుతూ ఆడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చిన్నవాళ్ళు కాబట్టి నువ్వు అనే పిలుస్తున్నా. నేను నేర్చుకున్నది తైక్వాండో. నువ్వు కరాటేలో ఉన్నా జూడోలో ఉన్నా పాయింట్ల సంగతి వదిలేసి మిగతాది వాడుకో.

ముందు ఒక క్లాసు కూర్చుని చూడు

మనవైపు ఏది నేర్చుకుంటున్నా ఇంట్లో చెప్పేది "కరాటే క్లాసు" అనే. ఇంట్లో వాళ్ళు ఏమన్నా పర్వాలేదు, నీకు మాత్రం తేడా తెలియాలి. తైక్వాండో 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట. కరాటే ఒక్క టోక్యో ఒలింపిక్స్‌లోనే ఆడించారు, 2024 పారిస్‌లో లేదు. అలాగని కరాటే తక్కువేమీ కాదు. కటా (ఎదుటి మనిషి లేకుండా వరసగా చేసే కదలికలు) చేస్తుంటే ఒళ్ళు మరిచిపోయే పిల్లలుంటారు, వాళ్ళు అక్కడే ఉండాలి. జిల్లా, రాష్ట్రం అని పోటీల దారి పట్టాలనుకుంటే మాత్రం నీ ఆట బడి పోటీల జాబితాలో ఉందో లేదో ముందే పీఈటీ సార్‌ని అడుగు.

ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూడు. వార్మప్ పావుగంటైనా చేయిస్తున్నారా? ఫైట్ పెట్టేటప్పుడు బరువు చూసి జత కడుతున్నారా, లేక యాభై కిలోల వాడి ముందు ముప్పై ఐదు కిలోల వాణ్ణి నిలబెడుతున్నారా? ఎవరికైనా దెబ్బ తగిలి ఏడిస్తే మాస్టర్ ఏం చేస్తున్నాడు? "ఏడుస్తావేంరా, లే" అని నవ్వేసే చోట చేరకు.

తర్వాత బెల్టుల సంగతి అడుగు. ఒక కలర్ బెల్టు నుంచి ఇంకోదానికి కనీసం మూడు నెలలు పడుతుంది. బ్లాక్ బెల్టు దాకా వెళ్ళడానికి మూడు నాలుగేళ్ళు పట్టడం మామూలే. తైక్వాండోలో బ్లాక్ బెల్టుకు ప్రపంచమంతా ఒప్పుకునే సర్టిఫికెట్ కొరియాలోని తైక్వాండో కేంద్రం కుక్కివాన్‌ది. పదిహేనేళ్ళ లోపు వాళ్ళకు అక్కడ ఇచ్చేది పూమ్ అంటారు, పెద్దవాళ్ళకిచ్చేదాన్నే డాన్ అంటారు. "ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ" అని చెప్పే చోట చెప్పులు వేసుకుని బయటికి వచ్చెయ్.

ఇంకోటి కూడా ఉంది. కల్యాణ మండపంలో ఆదివారం పెట్టే "ఇంటర్నేషనల్" పోటీలు. వెయ్యి రూపాయలు కడితే ఎవరూ ఉత్త చేతులతో ఇంటికి రారు. భయం పోగొట్టుకోవడానికి ఒకసారి వెళ్తే తప్పులేదు. ఆ కాగితం స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు. జాతీయ స్థాయి బడి పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్ళకు వచ్చే ఫామ్-4 సర్టిఫికెట్ లాంటివి వేరు, ఇవి వేరు.

చివరగా, ఇది అమ్మాయిలకూ అబ్బాయిలకూ కూడా. స్ట్రెచింగ్ పేరుతోనో, స్టాన్స్ (నిలబడే తీరు) సరిచేసే పేరుతోనో ఎవరైనా తాకకూడని చోట తాకితే, అది నీకు తెలిసిపోతుంది. మాస్టర్ అయినా సరే, ఆ రోజే ఇంట్లో చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్.

జులైలో కాగితాలు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు జిల్లా సెలెక్షన్స్‌కు వెళ్ళాను. పొద్దున్నే లేచి, అమ్మ కట్టిచ్చిన పులిహోర బ్యాగులో పెట్టుకుని, డ్రెస్సు బస్సులోనే వేసుకుని మరీ వెళ్ళాను. టేబుల్ దగ్గర కూర్చున్న సార్ ఎంట్రీ ఫామ్ చూశారు, ఆధార్ చూశారు, మళ్ళీ ఫామ్ చూశారు. బడి రికార్డులో నేను పుట్టింది మార్చిలో, ఆధార్‌లో మేలో. ఆధార్ తీయించిన రోజు ఇంట్లో ఎవరో నోటికొచ్చిన నెల చెప్పారు. "ఏది నిజం బాబూ?" అని అడిగారాయన. మార్చి అన్నాను. "అయితే మార్చి అని రాయించుకుని రా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆ రోజంతా గ్యాలరీలో కూర్చుని, క్లాసులో రోజూ నా చేతిలో ఓడిపోయేవాడు కాంస్యం తీసుకోవడం చూశాను. పులిహోర వాడికే పెట్టాను.

అందుకే జులైలోనే ఒక ఆదివారం కూర్చుని బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి అడ్మిషన్ రిజిస్టర్ మూడింటిలో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా అడుగుతారు. తేడా ఉంటే మీసేవకో ఆధార్ సెంటర్‌కో తిరగడానికి నెల పట్టొచ్చు. మీట్ వారంలో మొదలుపెడితే అవదు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఎనిమిది తీయించుకో. బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ రాయించుకో. ఎంట్రీ ఫామ్ మీద హెడ్మాస్టర్ సంతకం, బడి ముద్ర రెండూ ఉండాలి. సంతకం ఉండి ముద్ర లేక వెనక్కి వచ్చినవాళ్ళనూ చూశాను.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని ఉంటాయి. పుట్టిన తేదీ కటాఫ్, బరువు విభాగాలు ఆ ఏడాది సర్క్యులర్‌లో ఇస్తారు. తైక్వాండో లాంటి ఆటలకు చాలాసార్లు మండల పోటీలేమీ లేకుండా నేరుగా జిల్లా సెలెక్షన్స్‌కే పిలుస్తారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా, ఉమ్మడి చిత్తూరు జిల్లా పేరుతోనే ఎంపికలు పెట్టడం నేను చూశాను. కాబట్టి వేదిక తిరుపతా, చిత్తూరా అనేది సరిగ్గా చదువుకో. చిత్తూరైతే డెబ్బై కిలోమీటర్లు. తెల్లవారుజామునే బస్సెక్కాలి. సర్క్యులర్ ఒక్కోసారి రెండు రోజుల ముందే వస్తుంది. పీఈటీ సార్‌ను వారానికోసారి కదిలిస్తూ ఉండు, విసుక్కున్నా సరే.

వారం ఎలా పంచుకోవాలి

రోజూ క్లాసుకు వెళ్తేనే గొప్ప అనుకుంటారు మన పిల్లలు. ఎదిగే వయసులో అలా చేస్తే మొదట దెబ్బతినేది మోకాలు. వారానికి మూడు రోజులు క్లాసు, రెండు రోజులు పరుగు, ఒక రోజు స్ట్రెచింగ్ మాత్రమే, ఒక రోజు పూర్తిగా సెలవు. ఆ సెలవు రోజు వీధిలో క్రికెట్ ఆడి, దాన్ని కూడా రెస్టే అంటే ఒప్పుకోను.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఐదింటికి లేవాలంటే తొమ్మిదింటికల్లా పడుకోవాలి. ట్యూషన్ ఎనిమిదిన్నరకు వదిలే పిల్లలకు ఇది కుదరదని నాకు తెలుసు. అలాంటప్పుడు పొద్దున క్లాసు వదిలేసి సాయంత్రం బ్యాచ్‌లో చేరు. నిద్ర తగ్గించుకుని ప్రాక్టీస్ చేయడం దండగ.

ఇక బడిలో పెట్టే ఫిట్‌నెస్ టెస్ట్. ఖేలో ఇండియా టెస్ట్ అంటారు. నాలుగో తరగతి నుంచి ఇంటర్ దాకా దీనిలో ఉండేవి ఎత్తు, బరువు చూసి లెక్కగట్టే బీఎంఐ, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని కాళ్ళు చాపి ముందుకు వంగడం, 30 సెకన్ల కర్ల్-అప్స్, పుషప్స్. అమ్మాయిలకు మోకాళ్ళు ఆనించి చేసే పుషప్స్ ఉంటాయి. కిక్‌లు కొట్టే పిల్లలకు వంగడం, కర్ల్-అప్స్ నీళ్ళు తాగినంత సులువు. అందరూ బోల్తా పడేది 600 దగ్గరే.

కారణం చాలా చిన్నది. విజిల్ వేయగానే వంద మీటర్లు ప్రాణం పెట్టి పరిగెడతారు, మూడొందల దగ్గర డొక్క పట్టుకుంటారు, ఆఖరి రౌండు నడుస్తారు. ఇలా చెయ్. నీ బడి గ్రౌండు 200 మీటర్ల రౌండు అనుకో. 2 నిమిషాల 24 సెకన్లలో పూర్తిచేయాలని ఉంటే ఒక్కో రౌండు 48 సెకన్లు. మొదటి రౌండు 48 కంటే ముందు వస్తే నువ్వు తప్పు చేస్తున్నట్టే. స్నేహితుణ్ణి గీత దగ్గర నిలబెట్టి, ప్రతి రౌండుకు సెకన్లు గట్టిగా అరవమను. వారానికి ఒకరోజు 200 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగుతూ, ప్రతిసారీ అదే 48లో రావాలి. ఐదారు వారాలకు కాళ్ళే గడియారం అవుతాయి. ఆ తర్వాత 46కు దించు.

తిరుపతి పిల్లలందరూ చెప్పే ఇంకో ప్రాక్టీస్ ఉంది, అలిపిరి మెట్లు. మొత్తం 3,550. గాలిగోపురం దాకా ఉండే నిట్టెక్కుడు మెట్లకు మించిన తొడల వ్యాయామం మన ఊళ్ళో లేదు. కానీ అది జిమ్ కాదు, దేవుడి దారి. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ ఎక్కేవాళ్ళు ఉంటారు, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళూ ఉంటారు. వాళ్ళను దాటుకుంటూ ఉరికావంటే ఎవరైనా నాలుగు తిడితే పడాల్సిందే. పైగా ఆ పసుపు తడి మీద కాలు జారుతుంది. అంచున నడువు, పరిగెత్తకు. నెలకు ఒకసారి చాలు. 2023లో చిరుత దాడి జరిగాక పిల్లల విషయంలో టీటీడీ వేళలు పెట్టింది. ఒంటరిగా వెళ్ళొద్దు, పెద్దవాళ్ళతో పొద్దునపూట వెళ్ళు, ఆ రోజు నియమం ఏమిటో కిందే అడిగి ఎక్కు. అన్నిటికన్నా ముఖ్యం: ఎక్కు, కానీ నడిచి దిగొద్దు. దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి చిప్ప మీదే పడుతుంది. కొండ మీద బస్సెక్కి దిగిరా.

ఫైట్ ప్రాక్టీస్ విషయంలో ఒకే మాట. పాయింట్లు తెలియకుండా రింగులో దిగకు. చెస్ట్ గార్డ్ మీద పంచ్‌కు 1, కిక్‌కు 2, తలకు కిక్ తగిలితే 3, గిర్రున ఒళ్ళు తిప్పి కొట్టిన కిక్ ఒంటికి 4, తలకు 5. కింద పడినా, గీత దాటి బయటికి వెళ్ళినా, పట్టుకున్నా గామ్‌జొమ్ అంటారు. ఎదుటివాళ్ళకు ఊరికే ఒక పాయింట్ వస్తుంది. 2022 నుంచి అంతర్జాతీయ పోటీల్లో మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్ళదే బౌట్, అంటే ఆ ఫైట్. మా క్లాసులో ఒక అమ్మాయి రఫ్ నోటుబుక్కులో ప్రతి బౌట్ తర్వాత పాయింట్లు ఎక్కడ పోయాయో రాసేది. మూడు బౌట్లు ఓడాక లెక్క చూసుకుంటే ఆరు పాయింట్లు వెనక్కి అడుగేస్తూ గీత దాటడం వల్లే పోయాయి. నెల రోజులు కొత్త కిక్ ఏదీ నేర్చుకోలేదు. పక్కకు తప్పుకోవడం ఒక్కటే చేసింది. నాలుగో బౌట్ గెలిచింది. అప్పటిదాకా తలకు కిక్ కొట్టాలని ఎగిరెగిరి పడుతున్న మేమంతా మెల్లగా నోటుబుక్కులు కొన్నాం.

తిండి, బరువు

ప్రొటీన్ డబ్బా కొనమని ఇంట్లో గొడవ పెట్టకు. మన రాయలసీమ వంటింట్లోనే కావలసినంత ఉంది. ప్రాక్టీస్‌కు అరగంట ముందు ఒక అరటిపండు. అయ్యాక రెండు ఉడకబెట్టిన గుడ్లు, లేకపోతే గుప్పెడు నానబెట్టిన చెనక్కాయలు, లేదా ఉలవ గుగ్గిళ్ళు. ప్రభుత్వ బడి అయితే మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు, చిక్కీ, రాగిజావ ఎవరికీ ఇచ్చెయ్యకు. రాత్రికి సంగటి, పప్పు, ఆకుకూర. మీట్ ముందురోజు రాత్రి మాత్రం చెనక్కాయల చట్నీ దట్టంగా వేసుకుని రెండు ముద్దలు లాగించకు, పొద్దుటికి కడుపు బరువుగా ఉంటుంది.

బరువు గురించి గట్టిగా చెప్పాలి. అంతర్జాతీయ జూనియర్ అబ్బాయిల విభాగాలు 45, 48, 51, 55, 59 కిలోల లోపు అని ఇలా సాగుతాయి. బడి పోటీల విభాగాలు వేరుగా ఉండొచ్చు. మీట్‌కు వారం ముందు 52 ఉన్నవాడికి "51లో ఆడు, రెండు రోజులు నీళ్ళు తగ్గించు, స్వెటర్ వేసుకుని పరిగెత్తు" అని సీనియర్లు సలహా ఇస్తారు. వినకు. మన ఎండలో అలా చేసి కళ్ళు తిరిగి పడ్డవాళ్ళను చూశాను. గబగబా ఎత్తు పెరిగే వయసులో బరువు పెరగడం సహజం. పై విభాగంలో ఆడు. ఆగస్టు నుంచే వారానికోసారి, పొద్దున్నే, ఒకే కాటా మీద బరువు చూసుకుని రాసుకుంటే ఏ విభాగమో ముందే తెలిసిపోతుంది. టెన్షన్ ఉండదు.

దెబ్బ తగిలితే

చీలమండ మెలిక పడితే ఆట ఆపి, బట్టలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టు, క్రేప్ బ్యాండేజ్ చుట్టు, కాలు దిండు మీద ఎత్తి పెట్టు. మొదటి రెండు రోజులు వేడి నూనెతో మర్దన చేయించకు, వాపు పెరుగుతుంది.

అమ్మమ్మ ఉన్న ఇల్లయితే ఈలోపే "పుత్తూరుకు పోదాం పదండి" అనే మాట వచ్చేస్తుంది. పుత్తూరు కట్టు మన జిల్లాల్లో తరతరాల నమ్మకం. పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు వేసి కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు నుంచి కూడా వస్తారు. అమ్మమ్మతో వాదించొద్దు. ఒక్కటే అడుగు: "ముందు ఎక్స్‌రే తీయిద్దాం అవ్వా, ఆ తర్వాత నీ ఇష్టం." నీ వయసులో ఎముకల చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. అక్కడ చీలిక వస్తే బయటికి బెణుకులాగే కనిపిస్తుంది, సరిగా అతకకపోతే ఆ ఎముక వంకరగా పెరగొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి రుయాలోనో, ఎముకల ఆసుపత్రి బర్డ్‌లోనో డాక్టర్ చూశాక ఏ కట్టో వాళ్ళే చెప్తారు.

మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి, నొక్కితే నొప్పి పెడుతుంటే అది ఎదిగే పిల్లల్లో ఎక్కువగా వచ్చేదే. డాక్టర్‌కు చూపించి కొన్ని వారాలు దూకడం ఆపితే తగ్గుతుంది. కట్టుకుని ఆడేస్తే నెలల తరబడి వదలదు.

తలకు కిక్ తగిలి వాంతి వచ్చినా, మత్తుగా ఉన్నా, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. ఫైనల్ అయినా అంతే. నేరుగా ఆసుపత్రికి.

మీట్ రోజు

ఎనిమిదింటికి రిపోర్ట్ చేయమంటారు. నీ బౌట్ రెండింటికి వస్తుంది. మధ్యలో ముఖ్య అతిథి కోసం ఎదురుచూపు, శాలువాలు, ఉపన్యాసాలు. ఈ ఆరు గంటలు ఎలా గడిపావన్నదాని మీదే బౌట్ ఆధారపడుతుంది. ఇంటి ఇడ్లీలు, అరటిపళ్ళు, రెండు లీటర్ల నీళ్ళు తెచ్చుకో. బరువు చూసేదాకా ఆగి, తర్వాత కొంచెం కొంచెంగా తిను. గేటు బయట బజ్జీల బండి ఉంటుంది. గెలిచాక వెళ్ళు.

ముందురోజు రాత్రే కాలిగోళ్ళు కత్తిరించుకో. గమ్ గార్డ్, గ్రోయిన్ గార్డ్, చేతి కాలి గార్డులు బ్యాగులో పెట్టు. అమ్మాయిలైతే జడకు ఇనుప పిన్నులు వద్దు, రబ్బరు బ్యాండ్లే. నెలసరి రోజైతే ముదురురంగు షార్ట్స్ డ్రెస్సు లోపల వేసుకో, అదనపు ప్యాడ్స్ తెచ్చుకో. ఆడటానికి అదేమీ అడ్డు కాదు, నీకు బాగుంటే చాలు. కళ్ళజోడుతో ఫైట్ ఆడనివ్వరు. సాఫ్ట్ లెన్సులైతే నెల ముందు నుంచే అలవాటు చేసుకో.

పొద్దున వార్మప్ చేశాను కదా అని కూర్చోవద్దు. నీకు రెండు బౌట్ల ముందు లేచి, చెమట పట్టేదాకా మళ్ళీ చెయ్. పిలిచినప్పుడు గార్డ్ కట్టుకోవడం మొదలుపెడితే ఆలస్యమే.

బడితో పేచీ లేకుండా

మీట్‌కు వెళ్ళే ముందే క్లాస్ టీచర్‌కు ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ ఇవ్వు. మ్యాథ్స్ టీచర్‌కు విడిగా చెప్పు, వాళ్ళకు విడిగా చెప్తేనే గౌరవం. పదో తరగతి అయితే జనవరి నుంచి పరీక్షలు ముగిసేదాకా క్లాసు వారానికి రెండు రోజులకు దించు, పూర్తిగా మానకు. ఇంట్లో "ఈ ఒక్క ఏడాది ఆపెయ్" అంటే "రెండు రోజులు, గంటన్నర" అని బేరమాడు. నేను ఆ బేరంతోనే గట్టెక్కాను. మేలో వేసవి శిబిరాలు మొదలవుతాయి. గంగమ్మ జాతర వారం సగం క్లాసు ఖాళీగా ఉంటుంది, మాస్టర్‌కు నిన్ను చూసుకునే తీరిక దొరుకుతుంది. వేషం వేసుకునే రోజు మాత్రం నువ్వూ వెళ్ళిరా.

మీట్ నుంచి వచ్చాక సర్టిఫికెట్ లామినేషన్ చేయించకు. దాని వెనక తర్వాత సంతకాలు, ముద్రలు వేయించుకోవాల్సి రావొచ్చు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి అమ్మ నంబర్‌కు పంపు. చెస్ట్ గార్డ్ తడిబట్టతో తుడిచి నీడలో ఆరెయ్, ఎండలో పెడితే పగులుతుంది. డ్రెస్సు రాత్రే సబ్బునీళ్ళలో నానబెట్టు, మెడ దగ్గర మరక ఉతికితేనే పోతుంది. నువ్వే ఉతుక్కో, అమ్మకు వెయ్యకు.